గెయిన్ తిప్పితే గోల కూడా లేస్తాది

(నెల్లూరులో గిటారు వాయించే కుర్రాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు, యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన మాట్లాడింది. రికార్డింగు విని రాసిన పాఠం.)

ఆ ఫ్యాను ఆపబాకు అబ్బయ్యా, తిరగనీ. దాంతో ఇంకాసేపట్లో పని ఉంది.

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినోళ్లు అడిగింది ఒకటే. "అన్నా, హై గెయిన్ పెడితే యాంప్ గుయ్యిమంటా ఉంది, ఎట్టా ఆపాల?" అని. గెయిన్ అంటే గిటారు నుంచి వచ్చే సిగ్నల్‌ని యాంప్ ఎన్ని రెట్లు పెంచాలో ఆ లెక్క. దాని వెనకాలే ఇంకో ప్రశ్న కూడా వస్తాది, ఎప్పుడూ వస్తాది: "ఏ నాయిస్ గేట్ కొనమంటావు?" గేట్ అంటే మనం వాయించనప్పుడు గోలని మూసేసే డబ్బా. దాని గురించి చెప్తాను, చెప్పకుండా పోను. కానీ అది ఆఖర్న. ముందే గేట్ కొన్నవాళ్లు నాలుగు నెలలకి మళ్లీ నా దగ్గరికే వస్తారు, ఈసారి "నోట్లు మధ్యలో తెగిపోతా ఉండాయి" అని.

ఇక్కడ ఒక వాల్వ్ యాంప్, అంటే గాజు గొట్టాలతో సిగ్నల్‌ని పెంచేది, పెట్టాను. గిటారు సింగిల్ కాయిల్ పికప్పులది, అంటే తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లో ఒకే తీగ చుట్ట ఉన్నది, కావాలనే తెచ్చాను. గెయిన్ ఎనిమిది మీద ఉంది. ఎవరూ మాట్లాడకండి, కాసేపు వినండి.

[యాంప్ మోత]

ఏం వినపడింది? "నాయిస్" అనకండి, అది నాకూ తెలుసు. కింద లావుగా గుమ్మ్‌మని ఒకటి ఉంది. దాని మీద జర్ర్‌మని, రంపం కోసినట్టు ఒకటి. ఈ రెంటి పైన సన్నగా స్స్‌స్ అని ఇంకోటి. మూడూ కలిసే వస్తాయి గానీ మూడింటికీ పుట్టిల్లు వేరు, మందు వేరు. ఆ గుమ్మ్ అనేది హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి హమ్ 50లో రావాల, లేకుంటే 100లో రావాల. 50 అయితే బయట నుంచి పికప్ పట్టుకున్నదో, వాల్వుల హీటర్ నుంచి వచ్చిందో, ఎర్త్ తేడానో. 100 అయితే యాంప్ లోపల డీసీ సరిగ్గా వడకట్టడం లేదు, కెపాసిటర్లు ముసలివయ్యాయి అని అనుమానించాల. ఫోన్‌లో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ యాప్ పెట్టి చూస్తే ఏ గీత ఎక్కువ లేస్తా ఉందో తెలిసిపోతాది. జర్రుమనేది బజ్. అది డిమ్మర్లు, ఎల్‌ఈడీ లైట్లు, చవక అడాప్టర్లు పెట్టే గోల. స్స్ అనేది హిస్. దానికి కరెంటుతో సంబంధం లేదు, రెసిస్టర్లోనూ వాల్వులోనూ పుట్టేది.

ఇప్పుడు క్లీన్ చానల్‌కి, అంటే గెయిన్ తక్కువగా ఉండి శబ్దం నలగని దానికి, మారుస్తా. అదే గిటారు, అదే వైరు. యాడుంది ఆ గోల? ఉంది, కానీ మనకి ఆనడం లేదు. ఎందుకో ఒక లెక్క వేద్దాం, ఇది అర్థమైతే తక్కినదంతా మీరే తేల్చుకోగలరు.

మాట వరసకి, మీరు తీగ మీటితే పికప్ నుంచి 100 మిల్లీవోల్టులు వచ్చింది. దాంతో పాటు హమ్ 1 మిల్లీవోల్టు వచ్చింది. నూటికి ఒకటి. క్లీన్‌లో రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి, పెరిగినా నూటికి ఒకటిగానే ఉంటాది. హై గెయిన్ యాంప్‌లో 12ఏఎక్స్7 అనే వాల్వులతో కట్టిన స్టేజీలు, అంటే సిగ్నల్‌ని పెంచే మెట్లు, మూడో నాలుగో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అన్నీ కలిపి 5,000 రెట్లు పెంచాయి అనుకుందాం. 100 మిల్లీవోల్టులు 500 వోల్టులు కావాల కదా? కాదు. 20 వోల్టుల దగ్గరే ఆ స్టేజీ తల నరికేస్తాది. అట్టా నరకడమే మీరు ముచ్చటపడే డిస్టార్షన్. మరి ఆ 1 మిల్లీవోల్టు హమ్? దాన్ని ఎవరూ నరకరు. నిమ్మళంగా 5 వోల్టులు అయి కూర్చుంటాది. పాట 20, గోల 5. నూటికి ఒకటి ఉన్నది కాస్తా నాలుగుకి ఒకటి అయ్యింది.

ఇప్పుడు గెయిన్‌ని సగం చెయ్యండి. 2,500 రెట్లు. పాట అప్పుడూ 20 వోల్టులే, ఎందుకంటే ఇంకా నరుకుతానే ఉంది. హమ్ మాత్రం రెండున్నరకి దిగింది. అంటే గోల సగానికి సగం పోయింది, డిస్టార్షన్ తగ్గినట్టు చెవికి పెద్దగా తెలీనే తెలీదు. రూపాయి ఖర్చు లేదు. కాబట్టి నాయిస్ తగ్గించే మొదటి పరికరం ఏదంటే, మీ యాంప్ మీద ఉన్న గెయిన్ నాబ్. గదిలో ఒక్కరే కూర్చుని వాయించేటప్పుడు గెయిన్ ఎంత పెట్టినా చాలదనిపిస్తాది. బ్యాండ్‌లో బేసు, డ్రమ్ములు తోడయ్యాక ఆ గెయిన్‌తో మీ పిక్ దెబ్బే వినపడదు, ముద్దగా ఉంటాది. నేను చూసిన కుర్రాళ్లలో ఎక్కువ మంది కావాల్సినదానికి మించే పెడతారు. ఇది నా అభిప్రాయం, కోపం తెచ్చుకోబాకండి.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. మొదట్లో దూరిన గోలకే మొత్తం 5,000 రెట్లూ దక్కుతాయి. చివరి స్టేజీలో దూరినదానికి ఏమంత పెంపకం లేదు. 1944లో ఫ్రీస్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజినీరు రేడియో రిసీవర్లకి ఇదే లెక్క కట్టాడు: వరసలో మొదటి స్టేజీ ఎంత శుభ్రంగా ఉంటే మొత్తం అంత శుభ్రం. మొలగొలుకులు వండే ఇల్లాలు రాళ్లు బియ్యంలో ఏరుతుంది గానీ అన్నం వార్చినాక కూర్చుని ఏరదు. మనం కూడా గిటారు దగ్గర మొదలుపెట్టి యాంప్ వైపు పోవాల.

మొదలుపెట్టే ముందు, గోల యాడ దూరుతా ఉందో కనుక్కోవాల. చూడండి, ఇన్‌పుట్ నుంచి జాక్ పీకేస్తున్నా. గెయిన్ అట్నే ఉంది.

[మోత బాగా తగ్గింది]

మిగిలింది యాంప్ సొంత గోల. చాలా యాంపుల్లో జాక్ తీయగానే ఇన్‌పుట్ గ్రౌండ్‌కి షార్ట్ అయ్యేటట్టు పెట్టి ఉంటారు, అందుకే ఇది నమ్మదగ్గ పరీక్ష. ఈ స్థితిలో కూడా గుమ్మ్ ఎక్కువుంటే గిటారుని తిట్టబాకండి, యాంప్‌ని రిపేరుకి ఇవ్వండి. ఇప్పుడు వైరు పెట్టి, గిటారు తగిలించి, గిటారు వాల్యూమ్ సున్నా. కొంచెం పెరిగింది, అది వైరుదీ జాకులదీ. ఇప్పుడు వాల్యూమ్ పదికి. ఇదిగో, మొత్తం వచ్చేసింది. అంటే ఇక్కడ పెద్ద దొంగ గిటారే. ఇంకో మాట, గిటారు లేకుండా ఒట్టి వైరు ఒక కొస యాంప్‌లో పెట్టి, రెండో కొస నేల మీద వదిలి "వైరు పోయింది" అనే వాళ్లు ఉన్నారు. తెరిచి ఉన్న వైరు ఎంత మంచిదైనా బుర్రుమంటాది. అది పరీక్ష కాదు.

సరే, దొంగ గిటారు. నేను నిలబడ్డ చోటే మెల్లగా తిరుగుతా, వినండి. ఇప్పుడు యాంప్ వైపు... ఎక్కువ. ఇప్పుడు కిటికీ వైపు... ఇక్కడ, ఇక్కడ చూడండి, దాదాపు చచ్చిపోయింది. ఇంకొంచెం తిరిగితే మళ్లీ లేచింది. పికప్ అంటే అయస్కాంతపు గుండ్లు, వాటి చుట్టూ వేల చుట్ల సన్న రాగి తీగ. యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ఆ చుట్ల గుండా పోతే హమ్. ఆ క్షేత్రానికి పికప్ పక్కవాటంగా తిరిగితే హమ్ లేదు. రికార్డింగు అప్పుడు ఈ కోణం వెతుక్కుని కుర్చీ అక్కడ వేసుకుంటే సగం పని అయిపోతాది. దూరం కూడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం రెట్టింపు అయితే ఆ క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతాది. మీటరు దూరంలో ఉన్నవాడు రెండు మీటర్లకి జరిగితే చాలు. యాంప్ మీదే కూర్చుని వాయించి హమ్ వస్తా ఉంది అంటే ఏం చెప్పేది?

ఇప్పుడు ఫ్యాను సంగతి. అబ్బయ్యా, రెగ్యులేటర్ని మధ్యలో పెట్టు. విన్నారా, జర్ర్‌మని? ఇప్పుడు ఫుల్లుకి తిప్పు. [బజ్ తగ్గింది] చూశారా. గుండ్రంగా మెత్తగా తిరిగే రెగ్యులేటర్ లోపల ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటాది. అది కరెంటు అలని సెకనుకి 100 సార్లు మధ్యలో కత్తిరిస్తా ఉంటాది. ఆ కత్తిరింపు అంచులే గోడలో వైర్ల గుండా పాకి మీ పికప్‌లోకి దూరేది. టిక్కు టిక్కుమని నంబర్ల మీద ఆగే స్టెప్ రెగ్యులేటర్లలో కెపాసిటర్లు ఉంటాయి, వాటితో ఈ బాధ ఉండదు. ప్రాక్టీసు గదిలో ఉన్నది మొదటి రకం అయితే మార్చేయండి. పెళ్లిళ్లలో సీరియల్ సెట్లు, పార్ లైట్ల డిమ్మర్లు, ఎల్‌ఈడీ వాల్ ఇవన్నీ ఇదే జాతి. వాటిని మనం ఆపలేం, మన పవర్ లైనూ సిగ్నల్ వైర్లూ వాటికి దూరంగా పోనివ్వగలం, అంతే. ఫోను కూడా. 2జీ మీద ఉన్నప్పుడు అది సెకనుకి 217 సార్లు సిగ్నల్ పేలుస్తాది, ఆ టికటిక మోత మీరందరూ విన్నదే. స్టేజీ ఎక్కేటప్పుడు జేబులో పెట్టుకోబాకండి.

హమ్‌కి అసలు మందు ఇంజినీర్లు ఎప్పుడో కనిపెట్టారు. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఆయన 1955లో పేటెంటుకి పెట్టాడు, 1959లో వచ్చింది. రెండు కాయిళ్లు పక్కపక్కన, ఒకదాని చుట్లు ఒక వైపు, రెండోదాని చుట్లు ఎదురు వైపు, అయస్కాంతాల ధ్రువాలు కూడా తిరగేసి. బయట నుంచి వచ్చే హమ్ రెంటిలో ఎదురెదురుగా పుట్టి రద్దయిపోతాది, తీగ శబ్దం మాత్రం కలిసి రెట్టింపు అవుతాది. అదే హంబకర్. హై గెయిన్ వాయించాలనుకునేవాడికి హంబకర్ ఉన్న గిటారు కొనుక్కో అనే చెప్తాను. స్ట్రాట్ రకం, అంటే మూడు సింగిల్ కాయిల్ పికప్పుల గిటారు ఉన్నవాళ్లు పికప్ స్విచ్‌ని రెండో పొజిషన్లోనూ నాలుగో పొజిషన్లోనూ పెట్టి చూడండి, కొత్త వాటిలో మధ్య పికప్‌ని ఎదురు చుట్లతో చేస్తారు కాబట్టి అక్కడ హమ్ తగ్గుతాది.

మరి రాగి రేకు? వెనక మూత విప్పి, లోపల గుంట అంతా రాగి టేపు అంటిస్తే గోల పోతాదని అందరూ చెప్తారు. సగం నిజం. రేకు జర్రుమనే బజ్‌ని బాగా ఆపుతాది. ట్రాన్స్‌ఫార్మర్ గుమ్మ్‌ని ఆపలేదు, అయస్కాంత క్షేత్రం ఆ పల్చటి రాగిలో నుంచి నిక్షేపంగా పోతాది. అంటించేటప్పుడు ముక్కకీ ముక్కకీ మధ్య టంకం వెయ్యండి, మొత్తానికి ఒక వైరు గ్రౌండ్‌కి కలపండి. గ్రౌండ్‌కి కలపని రేకు ఉత్త అలంకారం. ఇంకోటి, తీగల మీద చెయ్యి పెడితే బజ్ తగ్గుతా ఉందా? భయపడబాకండి, అది సహజం. మన ఒళ్లు ఏంటెన్నా, తీగలు గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి, ముట్టుకోగానే ఆ ఏంటెన్నా గ్రౌండ్ అవుతాది. ముట్టుకుంటే బజ్ పెరిగితే మాత్రం లోపల వైర్లు తారుమారు అయ్యాయని.

వైర్ల గురించి తొందరగా చెప్పేస్తా. మంచి అల్లిక షీల్డ్, అంటే లోపలి తీగ చుట్టూ అల్లిన లోహపు తొడుగు, ఉన్న వైరు, అవసరమైనంత పొడవు, అంతే. బంగారు పూత జాకులకి డబ్బులు పొయ్యబాకండి. కానీ మనది సముద్రపు గాలి. మైపాడు పక్క ఊళ్ల నుంచి వచ్చే గిటార్లలో జాక్ సాకెట్ చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటాది. అది పట్టిన కాంటాక్ట్ చిటపటమంటాది, ఒక్కోసారి గ్రౌండ్ పూర్తిగా తెగిపోతాది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే డబ్బా ఒకటి ఇంట్లో పెట్టుకోండి. నెలకోసారి జాకుని పది సార్లు లోపలికీ బయటికీ ఆడించండి, నాబులన్నీ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి.

ఇప్పుడు అసలైన చోటికి వస్తున్నా. ఎర్త్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే ఇక్కడ తేడా వస్తే పోయేది టోన్ కాదు, ప్రాణం.

కల్యాణ మండపంలో స్టేజీ పక్కన చెక్క బోర్డు ఉంటాది, మూడు బొక్కల సాకెట్. చూస్తే అంతా బాగానే ఉంటాది. మూత విప్పి చూడండి, మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే. ఎరుపు వైరు ఉంటాది. నలుపు ఉంటాది. పైన పెద్ద బొక్క వెనక స్క్రూ కొత్త దానిలాగా తళతళా మెరుస్తా ఉంటాది, ఎందుకంటే దానికి ఏనాడూ పచ్చ వైరు బిగించలేదు. ఎర్త్ ఉన్నట్టు వేషమే. మీటరు ఉన్నవాళ్లు చూసుకోవచ్చు: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో రావాల, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాల. 40, 60, 90 ఇట్టా ఏదో చూపిస్తే ఆ ఎర్త్‌ని నమ్మొద్దు. ఎర్త్ గుంట ఉన్నా ఎండాకాలం దాంట్లో నీళ్లు పోసే దిక్కుండదు. ఎండిన మట్టిలో ఎర్త్ పని చెయ్యదు.

ఎర్త్ లేని చోట యాంప్ బుర్రుమంటాది. అది ఒక రకం. ఎర్త్ ఉన్నా హమ్ వచ్చేది రెండో రకం, గ్రౌండ్ లూప్. యాంప్ ఒక సాకెట్లో, మిక్సర్ హాల్ ఆ కొసన ఇంకో సాకెట్లో. రెంటికీ ఎర్త్ ఉంది. మధ్యలో సిగ్నల్ వైరు షీల్డ్ కూడా రెంటినీ కలిపింది. ఇప్పుడు ఎర్త్ నుంచి ఎర్త్‌కి ఒక పెద్ద ఉంగరం తయారైంది. ఆ రెండు చోట్ల ఎర్త్ వోల్టేజీలో చిన్న తేడా ఉన్నా షీల్డ్ గుండా కరెంటు పారతాది, గుమ్మ్ వస్తాది. ఇక్కడే ఎవడో ఒకడు తెలివి చూపిస్తాడు: ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తాడు. హమ్ ఠక్కున పోతాది. వాడు హీరో అయిపోతాడు.

చెయ్యబాకండి. చెప్తున్నా, ఎవరు చెప్పినా చెయ్యబాకండి. యాంప్ లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు డబ్బాకి తగిలిందంటే, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతాది. ఎర్త్ లేకుంటే 230 వోల్టులు మీ గిటారు తీగల మీదికి వస్తాయి. చేతిలో తీగలు, పెదాల ముందు ఎర్త్ అయిన మైకు. బ్రిటన్‌లో స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న స్వాన్సీలో స్టేజీ మీదే షాక్ కొట్టి చనిపోయాడు, జనం చూస్తా ఉండగా. అక్కడ తేడా మైకు వైపు ఉంది, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకున్నాడు.

లూప్ తెగ్గొట్టడానికి సరైన దారి సిగ్నల్ వైపు ఉంది, కరెంటు వైపు లేదు. అన్ని యాంపులూ, పెడల్ (కాలితో నొక్కి శబ్దం మార్చే డబ్బా) అడాప్టర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి, ఉంగరం చిన్నదైపోతాది. మిక్సర్‌కి పోయే లైన్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేట్టు మార్చే డబ్బా) పెట్టి, దాని మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది సిగ్నల్ షీల్డ్‌నే విడదీస్తాది, ప్లగ్గు ఎర్త్ జోలికి పోదు. ఇక మీ బోర్డుకి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే లైను తెంపే స్విచ్, పెట్టించుకోండి. ఒక మంచి పెడల్ ధర కంటే తక్కువే.

పెడల్స్‌కి కరెంటు. అన్నీ 9 వోల్టులే కదా అని ఒకే అడాప్టర్‌కి గొలుసు వైరు వేసి ఎనిమిది పెడల్స్ తగిలిస్తారు. వాటిలో ప్రతిధ్వని ఇచ్చే డిజిటల్ డిలే ఒక్కటి ఉన్నా దాని లోపలి క్లాక్ మోత కీచుమని మిగతా వాటి నెత్తికెక్కుతాది. హై గెయిన్‌లో అది బాగా వినిపిస్తాది. ఒక్కో అవుట్‌పుట్ విడివిడిగా ఐసొలేట్ అయిన సప్లై కొనండి. నేను డబ్బు పెట్టమని చెప్పే వాటిలో ఇది మొదటిది. గేట్ దీని తర్వాతే.

ఇప్పుడు హిస్. ఇది ప్రకృతి ఇచ్చింది, పూర్తిగా పోదు. ఏ రెసిస్టర్ అయినా వేడికి లోపల ఎలక్ట్రాన్లు కదిలి కాస్త శబ్దం పుట్టిస్తాది. 1928లో జాన్సన్ దాన్ని కొలిచి చూపించాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. మన గది వేడిలో, చెవికి వినపడే మేరలో, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి 1.8 మైక్రోవోల్టులు ఇస్తాది. 125 కిలో ఓమ్‌లు అయితే 6.4. ఈ 125 ఎందుకు చెప్పానంటే, 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే రెసిస్టర్) సరిగ్గా సగం విలువ దగ్గరుంటే యాంప్‌కి కనపడేది అంతే. అంటే గిటారు వాల్యూమ్ ఆ మధ్యలో ఉన్నప్పుడు హిస్ ఎక్కువ, పదిలో ఉన్నప్పుడు తక్కువ. హై గెయిన్ వాయించేటప్పుడు వాల్యూమ్ పదిలో పెట్టి గెయిన్ యాంప్ దగ్గర తగ్గించుకోవడం మేలు.

వాల్వ్ యాంప్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. మొదటి వాల్వుదే పెత్తనం. యాంప్ ఆన్‌లో ఉండగా బయటికి కనిపించే ఆ వాల్వు గాజుని పెన్సిల్ చెక్కతో మెల్లగా తట్టండి. టంగ్‌మని మోగితే అది మైక్రోఫోనిక్ అయ్యింది, అంటే అదురుని మైకులాగా శబ్దం చేస్తా ఉంది, మార్చాల. వాల్వు మార్చేటప్పుడు యాంప్ ఆపి చల్లారనివ్వండి. అంతకు మించి లోపలికి పోబాకండి. లోపల 300 నుంచి 450 వోల్టుల దాకా ఉంటాది, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో నిలవుంటాది. నేర్చుకున్నవాడే డిశ్చార్జ్ చెయ్యాల.

ఇంత చేశాక మిగిలిన గోలకి గేట్. గేట్ గోలని తియ్యదు. మీరు వాయించనప్పుడు తలుపు మూస్తాది, వాయించినప్పుడు తెరుస్తాది, పాట వెనక గోల అట్నే ఉంటాది. గిటారుకీ యాంప్‌కీ మధ్య ఒక్క చోట పెడితే పికప్ హమ్ ఆగుతాది, కానీ యాంప్ ప్రీ సెక్షన్ (గెయిన్ పెంచే మొదటి భాగం) పుట్టించే హిస్ దాని తర్వాత కదా, అది ఆగదు. ఆ ప్రీ సెక్షన్ తర్వాత పెడల్స్ తగిలించడానికి యాంప్ వెనక ఉండే సెండ్, రిటర్న్ జాకుల్లో, అంటే ఎఫెక్ట్స్ లూప్‌లో, పెడితే రెండూ ఆగుతాయి గానీ, అప్పటికి సిగ్నల్ నలిగిపోయి ఉంటాది, పాట ఏదో గోల ఏదో గేట్‌కి తెలీదు. అందుకే నాలుగు వైర్ల పద్ధతి వచ్చింది. బాస్ ఎన్‌ఎస్-2 లాంటి పెడల్‌లో ఇట్టా పెడతారు: గిటారు గేట్ ఇన్‌పుట్‌లోకి. గేట్ సెండ్ నుంచి డిస్టార్షన్ పెడల్స్ మీదుగా యాంప్ ఇన్‌పుట్‌లోకి. యాంప్ లూప్ సెండ్ నుంచి గేట్ రిటర్న్‌లోకి. గేట్ అవుట్‌పుట్ నుంచి యాంప్ లూప్ రిటర్న్‌లోకి. తలుపు మూయాలా తెరవాలా అనేది నలగని గిటారు సిగ్నల్ విని తేలుస్తాది, మూసేది మాత్రం డిస్టార్షన్ తర్వాత. డిలే, రివర్బ్ గేట్ తర్వాతే పెట్టండి, లేకపోతే వాటి తోకలు తెగుతాయి.

థ్రెషోల్డ్, అంటే శబ్దం ఎంతకి తగ్గితే గేట్ మూసుకోవాలో ఆ గీత, సెట్ చేసేది చాలామందికి తెలీదు. తీగల మీద అరచెయ్యి ఆనించి, వాల్యూమ్ పదిలో పెట్టి, థ్రెషోల్డ్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. గోల ఆగిన చోటే ఆపండి. ఇంకో వెంట్రుకవాసి కూడా పెంచబాకండి. అక్కడ పట్టుకున్న నోటు సాగదీసి చూడండి, తోక తెగకుండా చల్లారితే సరి.

మరి వాయిస్తా ఉన్నప్పుడు వచ్చే గోల? దానికి చేతులే. హై గెయిన్‌లో మీరు ముట్టని తీగలు కూడా మోగుతాయి. కుడి అరచేతి అంచు లావు తీగల మీద, ఎడమ చూపుడు వేలు సన్న తీగల మీద ఆనించి ఉంచడం నేర్చుకోవాల. గిటారు మెడ పై కొసన తీగలు ఆనే నట్ దగ్గర, జడకు పెట్టే రబ్బరు బ్యాండు ఒకటి తీగల చుట్టూ చుట్టండి. మీ చెల్లెలు అడిగితే ఇచ్చేస్తుంది, ఐదు రూపాయల సరుకు.

అడగండి ఇంక.

(కావలి నుంచి వచ్చిన ఒకబ్బాయి: అన్నా, మాకు యాంప్ లేదు. మల్టీ ఎఫెక్ట్స్ నుంచి నేరుగా మిక్సర్‌కి ఇస్తాం. డిస్టార్షన్ పెడితే ఈగలు ముసిరినట్టు ఉంటాది.)

మన ఆర్కెస్ట్రాల్లో సగం మంది పద్ధతి ఇదే. గిటారు యాంప్ స్పీకర్ 12 అంగుళాలది, అది 5 కిలోహెర్ట్జ్ దాటితే పెద్దగా పలకదు. ఆ పైన ఉండే హిస్సూ గరగరా అదే మింగేస్తాది. పెళ్లి స్టేజీ స్పీకర్లలో హారన్ ఉంటాది, అన్నీ పలుకుతాది. నీ మల్టీ ఎఫెక్ట్స్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ అని, గిటారు యాంప్ స్పీకర్‌ని అనుకరించేది ఉంటాది, ఆన్ చెయ్యి. లేదంటే మిక్సర్లో ఆ చానల్ హై కాస్త కోయించు. ఈగలు పోతాయి.

(ఒంగోలు నుంచి వచ్చిన అమ్మాయి: నేను ల్యాప్‌టాప్‌లో యాంప్ సాఫ్ట్‌వేర్ పెట్టి వాయిస్తాను సార్. చార్జర్ పెడితే బజ్, తీస్తే లేదు.)

అమ్మా, నువ్వే కనిపెట్టేశావు. ఆ చార్జర్ రెండు పిన్నులదా? అదీ సంగతి. చార్జర్ లోపల గోల వడకట్టే కెపాసిటర్ గుండా కొంచెం కరెంటు లీకవుతాది, పోవడానికి ఎర్త్ లేదు కాబట్టి యూఎస్‌బీ వైరు మీదుగా నీ ఇంటర్‌ఫేస్‌లోకీ (గిటారుని ల్యాప్‌టాప్‌కి కలిపే డబ్బా), గిటారు తీగల్లోకీ వస్తాది. తీగలు ముట్టుకుంటే సన్నగా జిమ్మంటా ఉంటాది కదా? మూడు పిన్నుల చార్జర్ తీసుకో, ఎర్త్ నిజంగా ఉన్న సాకెట్లో పెట్టు. అప్పటిదాకా రికార్డింగు బ్యాటరీ మీద చేసుకో. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌పుట్ లెవెల్ మీటర్ ఎర్రబడకుండా, కాస్త పైనే ఉండేట్టు చూసుకో, తర్వాత సాఫ్ట్‌వేర్లో గెయిన్ తగ్గించు.

(ఇందుకూరుపేట నుంచి వచ్చినతను: మా ఇంటి పక్కనే రొయ్యల గుంటలు అన్నా. ఏరియేటర్లు తిరిగితే యాంప్ గోల పెడతాది. కరెంటు పోయి ఇన్వర్టర్ వస్తే ఇంకా ఎక్కువ.)

రెండు వేర్వేరు కథలు. గుంట గట్టు మీద మోటారు క్షేత్రం నీ పికప్ దాకా రాదు, దూరం చాలా ఎక్కువ. వస్తే లైన్లో రావాల. ఒక పని చెయ్యి: బ్యాటరీతో నడిచే చిన్న ప్రాక్టీసు యాంప్ ఎవరి దగ్గరన్నా తీసుకుని అదే గదిలో, అదే గిటారుతో పెట్టు. గోల లేకపోతే కరెంటు లైన్లో వస్తా ఉందని తేలిపోయింది, లైన్ ఫిల్టర్ పెట్టొచ్చు, ముందు ఎర్త్ చూపించుకో. బ్యాటరీ యాంప్‌లోనూ ఉంటే గోడ వైర్ల నుంచి పికప్‌కి వస్తా ఉంది, అప్పుడు రాగి రేకు. ఇన్వర్టర్ మాటకొస్తే, అది స్క్వేర్ వేవ్ రకం అయ్యుంటాది. చదరం అలలో 50తో పాటు 150, 250, 350 అట్టా బోలెడు దెయ్యాలు ఉంటాయి, ఏ ఫిల్టరూ వాటిని పూర్తిగా ఆపదు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ బాధ లేదు. ఈసారి ఇంట్లో ఇన్వర్టర్ మార్చేటప్పుడు మీ నాయనకి చెప్పు, ఫ్యాన్లు కూడా గుర్రుమనకుండా తిరుగుతాయని చెప్పు, గిటారు కోసం అంటే ఒప్పుకోడు.

[నవ్వులు]

గిటార్లు తెచ్చినోళ్లు వెనక మూతల స్క్రూలు విప్పి పెట్టుకోండి. రాగి టేపు ఒక చుట్ట తెచ్చాను, సోల్డరింగ్ ఐరన్ ఇప్పుడే ఆన్ చేశా. టీ తాగి రండి, మొదటి రెండు గిటార్లకి మీ చేతే అంటింపిస్తా.